ఫంక్షన్‌కు పుట్టిన అప్పు ఫీజుకు పుట్టలేదు

కూతురు పెద్దమనిషైతే అప్పు చేసి ఫంక్షన్ చేసి, రెండేళ్లకే చదువు మాన్పించిన తల్లిని ఒక వ్యాసంలో తప్పుపట్టారు. నేను పట్టలేను. మాది నారాయణపేట. నాన్న చీరలు నేస్తే అమ్మ కండెలు చుట్టేది. నా ఫంక్షన్‌కు అడగ్గానే అప్పు దొరికింది, ఇంటర్ ఫీజుకు ఒక్కరూ ఇవ్వలేదు. అమ్మ తన వెండి కడియాలు అమ్మి కట్టింది. ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం డబ్బిచ్చే కల్యాణలక్ష్మి పథకం 2016లో మా బీసీలకూ వచ్చింది. పిల్లకు పద్దెనిమిది నిండితేనే ఆ 51 వేలని తెలిసి, అమ్మ నాకు వచ్చిన సంబంధాలను ఆపింది. డబ్బు కోసమే అనుకోండి, నాకైతే ఇంటర్ పూర్తయింది. మొదటి జీతంతో కడియాలు కొనిచ్చాను. వేసుకోదు. చెల్లి పెళ్లికని బీరువాలో దాచింది. చెల్లేమో ఇంకా తొమ్మిదో తరగతి!