సీటుకు అవసరం, గదికి చీటీ

కళాశాలలు తెరిచే రోజుల్లో అనంతపురంలో హాస్టల్ ఆఫీసుల ముందు సర్టిఫికెట్ల సంచులు పట్టుకొని నిలబడే తల్లిదండ్రుల మనసులో రెండు ప్రశ్నలుంటాయి: మా బిడ్డకు సీటుందా, ఉంటే ఏ గది? ఈ రెండింటినీ మార్కులతోనే కొలవడం దగ్గర అన్యాయం మొదలవుతుందని నా అభిప్రాయం.

సీటు అవసరాన్ని బట్టి ఇవ్వాల్సింది. మడకశిర దగ్గరి పల్లె నుంచి రోజూ వచ్చిపోలేని అమ్మాయిని కాదని, రెండు మార్కులు ఎక్కువొచ్చాయన్న కారణంతో పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం అమ్మాయికి సీటిస్తే, మొదటి అమ్మాయి చదువే ఆగిపోవచ్చు. దూరం, కుటుంబ ఆదాయం ముందు చూడాలి. మార్కుల మాట తర్వాత.

గది సంగతి వేరు. ఫీజు ఒకటే అయినా గదులన్నీ ఒకటి కావు. పై అంతస్తులో శ్లాబు కింది గది ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటినా సెగ కక్కుతుంది, నీళ్లు పైకెక్కని రోజు బక్కెట్లు మోయాలి, మరుగుదొడ్ల పక్క గదిలో కిటికీ తెరవలేరు. మంచివి సీనియర్లు తీసుకోగా మిగిలినవి, తొలిసారి ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు దక్కుతాయి. మేమూ మొదటి ఏడాది అక్కడే పడ్డామని సీనియర్లంటారు. అందులో కొంత న్యాయముంది. అయితే రెండేళ్ల పీజీకి వచ్చినవారికీ, డిప్లొమా చేసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారికీ ఆ వంతు సరిగా రాదు.

మూడు గదులు వరుసగా రాసిమ్మని అడిగి, మొదటి కోరికలన్నీ తీర్చాకే రెండో కోరికలు చూసే పద్ధతి పైకి న్యాయంగా కనిపిస్తుంది. కానీ అందులో, అందరూ కోరే గదిని మనస్ఫూర్తిగా మొదట రాసినవారు అది దక్కక, రెండో గదీ అప్పటికే పోయి నష్టపోతారు. లెక్కలు వేసి అబద్ధం రాసినవారు బాగుపడతారు. చీటీలతో వరుస తేల్చి, ఆ వరుసలో ఒక్కొక్కరినీ పిలిచి మిగిలినవాటిలో నచ్చింది ఎంచుకోమంటే అబద్ధంతో పనే ఉండదు. నడవడం కష్టమైనవారికి కింది అంతస్తు గదులు చీటీకి ముందే కేటాయించాలి, అందులో వాదనకు తావు లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఉన్న గది వదిలి చీటీలో దిగితే అంతకంటే చెడ్డది వస్తుందేమోనని పాతవారు కదలరు. వారు కదలకపోతే ఆ గది మరొకరికి అందే దారీ మూసుకుపోతుంది. దీనికి 1999లో అతిలా అబ్దుల్‌కాదిరోగ్లు, టైఫున్ సోన్మెజ్ అనే ఆర్థికవేత్తలు ఒక పరిష్కారం చూపారు. తన వంతులో ఎవరైనా, ఒక పాత విద్యార్థిని ఉంటున్న గదిని కోరితే, ఆ పాత విద్యార్థినిని కోరినవారి కంటే ముందుకు తెచ్చి, ఆమెకే మొదట ఎంపిక ఇస్తారు. ఆమెకు మెరుగైనది దొరికితే గది ఖాళీ అవుతుంది, లేదంటే ఉన్నచోటే ఉంటుంది. కోరికలు గొలుసుగా తిరిగి మొదటి వ్యక్తి గది దగ్గరికే వస్తే ఆ గొలుసులోని వారంతా గదులు మార్చుకుంటారు. పాతవారెవరికీ ఉన్నదానికంటే తక్కువది రాదు. ఇది వార్డెన్ ఒక నోటు పుస్తకంతో ఒక్క పూటలో చేయగల పని.

చీటీ శ్లాబును చల్లబరచదన్నది నిజమే. కాకపోతే అందరి ఎదుటా ఎంపిక జరిగినప్పుడు, ఏ గదులు చివరిదాకా మిగిలాయో రిజిస్టరులో నమోదవుతుంది. ఏటా అవే నంబర్లు మిగులుతుంటే, మరమ్మతుల డబ్బు వచ్చిన రోజున ప్రహరీకి రంగు వేయించకుండా ముందు ఆ గదుల పైకప్పుకు చల్లదనపు పూత వేయించాలని, నీళ్ల మోటారు మార్పించాలని అడిగే ఆధారం విద్యార్థుల చేతిలో ఉంటుంది.