గొడవంతా వరుస దగ్గరే

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఏ పేచీ వచ్చినా కార్డు మీద రాసిందే ఫైనల్ అని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. సగమే నిజం. రూల్‌బుక్‌కీ కార్డుకీ పొసగకపోతే కార్డు మాటే చెల్లుతుంది, ఒప్పుకుంటా. కానీ నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం కార్డులు ఏ వరుసలో పనిచేస్తాయన్న దాని గురించే.

మొన్న నా 2/2 జీవి (బలం 2, ఓర్పు 2; అంటే 2 డ్యామేజ్ తగిలితే పోతుంది) మీద అవతలివాడు లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు వేశాడు, 3 డ్యామేజ్. నేను జీవి రెండు అంకెలకీ ఆ టర్నుకి 3 కలిపే జెయింట్ గ్రోత్ వేశాను. స్టాక్‌లో, అంటే వేసిన కార్డులు పనిచేసే ముందు ఆగే వరుసలో, చివర వేసిందే ముందు పనిచేస్తుంది కదా, జీవి 5/5 అయ్యాక బోల్ట్ తగిలింది. బతికిపోయింది. అదే నేను తొందరపడి గ్రోత్ ముందే వేసి ఉంటే, అది పనిచేయకముందే వాడు జీవి మీద బోల్ట్ వేసేవాడు. జీవి పోయేది, టార్గెట్ లేక గ్రోతూ వృథా అయ్యేది. కార్డులు అవే రెండు!

పైగా పాత కార్డు మీద అచ్చయిన మాటలు నమ్మొద్దు. 1993 నాటి కొన్నిటి మీద 'మోనో ఆర్టిఫ్యాక్ట్' అని మాత్రమే ఉంటుంది, ట్యాప్ చేయాలన్న (వాడినట్టు గుర్తుగా కార్డును అడ్డంగా తిప్పాలన్న) ముక్కే కనిపించదు. ఇప్పుడు ఆట కంపెనీ వారి కార్డుల వెబ్‌సైట్ గ్యాదరర్‌లోని ఒరాకిల్ టెక్స్టే, అంటే కార్డుల తాజా అధికారిక మాటలే లెక్క. ఈ సంగతి వ్యాసంలో ఎందుకు వదిలేశారో!

హ్యూమిలిటీ, ఒపాలెసెన్స్ అనే చిక్కు కార్డులు రెండూ ఒకే ఆటలో కలిస్తే మాత్రం వాదించకండి, జడ్జిని పిలవండి.