ఆటలు వద్దు, వస్తున్నాయని చెప్పండి చాలు

2036 ఒలింపిక్స్ మన దేశానికి వస్తే ఒకటి రెండు పోటీలైనా హైదరాబాద్‌లో పెట్టండని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. కోరడం బాగానే ఉంది. చిక్కల్లా, కోరితే ఇచ్చేయగలరు. ఇస్తే జరపాలి. జరిపితే అయిపోతాయి. అయిపోయాక మన గతేమిటి? ఈ సంగతి పెద్దలెవరూ ఆలోచించినట్టు లేదు కాబట్టి, ఇంటిపన్ను సకాలంలో కట్టే పౌరుడిగా ఆ బాధ్యత నేను తీసుకున్నాను.

మనకు అనుభవం లేదని ఎవరూ అనలేరు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ముంబైతో కలిసి ప్రపంచ సైనిక క్రీడలు. వీటిలో ఆఫ్రో-ఏషియన్ క్రీడల ఘనత ఈ తరం పిల్లలకు తెలియదు. అవి అసలు ఢిల్లీలో జరగాల్సినవి. వాయిదాలు పడి పడి మన దగ్గరికి వచ్చాయి. అక్టోబరు 24న మొదలై నవంబరు 1న ముగిశాయి. ఆ తర్వాత ఈ భూమ్మీద ఆ క్రీడలు మళ్లీ జరగలేదు. మనం ఎంత బాగా చేశామంటే, ఇంకెవరికీ ధైర్యం చాలలేదు. గిట్టనివాళ్లు వేరే కారణాలు చెబుతారు, పట్టించుకోకండి.

స్టేడియాలు వృథాగా పడి ఉన్నాయన్న విమర్శ కూడా అన్యాయమే. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని టవర్ 2020లో కొవిడ్ ఆస్పత్రి అయింది. ఎల్బీ స్టేడియంలో 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది. ఇఫ్తార్ విందులు సరేసరి. గచ్చిబౌలిలోనే ఉన్న గోపీచంద్ అకాడమీ వాళ్లు మాత్రం మొండిగా ఆటలకే వాడుకున్నారు. దాని ఫలితంగా సైనాకూ సింధుకూ ఒలింపిక్ పతకాలు వచ్చిపడ్డాయి. అంత ఇరుకు బుద్ధి పనికిరాదు.

ఇక అసలు విషయం. ఈ నగరం బాగుపడేది అతిథి వచ్చినప్పుడు కాదు, వస్తున్నాడన్నప్పుడు. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారన్నారు. నగరంలో భిక్షాటనపై రెండు నెలల నిషేధం వచ్చింది. బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. పంచవర్ష ప్రణాళికల వల్ల కాని పేదరిక నిర్మూలన ఒక్క విమానం టికెట్‌తో అయిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల రేసు అన్నారు, హుస్సేన్ సాగర్ పక్కన రోడ్డు అద్దంలా తయారైంది.

అతిథి కారు పోయే రోడ్డుకూ, పక్క గల్లీకీ నడుమ సరిహద్దు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? తారు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. నేను ఒకసారి నిలబడి చూశాను. డివైడర్ రాళ్లకు పసుపూ నలుపూ వేసుకుంటూ వచ్చిన పెయింటర్ మలుపు దగ్గర ఆగి, కారు కిటికీ ఎత్తుకు వంగి, ఎంతవరకు కనపడుతుందో చూసుకున్నాడు. ఆఖరి రాయికి సగమే వేశాడు. మిగతా సగం స్థానికుల కోసం. రాత్రి లారీలో దిగిన పూలకుండీలు కార్యక్రమం మర్నాడు అదే లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఇంత క్రమశిక్షణ చెత్త బండిలో ఎన్నడూ చూడలేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. హైదరాబాద్‌కు అంతర్జాతీయ క్రీడలు ఎప్పుడూ వస్తూనే ఉండాలి. రాకూడదు. ప్రతి ఏడూ ఏదో ఒక పోటీకి బిడ్ వేయాలి, రెండో స్థానంలో నిలవాలి. ఓడిపోవడం మన చేతిలో పనే. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వెళ్లాయని ఏడవక్కర్లేదు. పాపం, వాళ్లు నిజంగా జరపాలి.

నిజంగా జరిపినవాళ్ల గతి చూడండి. మాంట్రియల్ 1976లో ఒలింపిక్స్ జరిపింది, స్టేడియం అప్పు 2006లో తీరింది. కోకాపేటలో ఫ్లాటు కొన్నవాడి ఈఎంఐ కూడా అన్నాళ్లు సాగదు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీ ప్రకటనతో సరిపెట్టుకుని ఉంటే నెహ్రూ స్టేడియం దగ్గర పాదచారుల వంతెన కూలేదా? కట్టేవాళ్లే కాదు కదా. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఇంకా తెలివైనది, 2026 కామన్వెల్త్ క్రీడలు ఖర్చెక్కువని 2023లోనే వదిలేసుకుంది. మరీ తొందరపడింది, రోడ్లు వేయించుకున్నాక వదిలేయాల్సింది.

మొన్న మా కాలనీ అసోసియేషన్ మీటింగులో ఈ ప్రతిపాదన పెట్టాను. డ్రైనేజీ మూత గురించి సదరు శాఖకు అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన ప్రెసిడెంట్ గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "సార్, ఒలింపిక్స్ మనకెందుకు గానీ, ఆ మారథాన్ ఏదో మన గల్లీలకెల్లి పోయేటట్టు చూడుండ్రి" అన్నారు. పోనక్కర్లేదండీ, పోవచ్చు అని కాగితం మీద ఉంటే చాలు అన్నాను. ఏ వీధిన వస్తారో మాత్రం ఆఖరి నిమిషం దాకా ఎవరికీ తెలియకూడదు. తెలిసిందా, ఆ ఒక్క వీధికే తారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇక కావాల్సింది తనిఖీ కమిటీ. ప్రెసిడెంట్ గారి దగ్గర కొడుకు రిసెప్షన్‌కు కుట్టించిన సూటు ఉంది. ఇన్నోవా ఆయన తోడల్లుడిది, డీజిల్ మనం పోయించుకోవాలి. మెడలో వేసుకునే ట్యాగులు జిరాక్స్ షాపు అబ్బాయి చేసిస్తానన్నాడు. ఇంకో ముగ్గురు సభ్యులు కావాలి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. కారు దిగి, రోడ్డు వంక చూసి, ఏమీ మాట్లాడకుండా తల అడ్డంగా ఊపడం వస్తే చాలు.