సవరణ: విడిపించినవాళ్లు ఇల్లు చేరలేదు

బానిస ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికన్లను బ్రిటిష్ నేవీ సొంత ఊళ్లకు చేర్చిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాసేశాను.

బానిస ఓడలను అడ్డుకోవడానికి బ్రిటిష్ నేవీ 1808లో మొదలుపెట్టిన ఓడల దళం, వెస్ట్ ఆఫ్రికా స్క్వాడ్రన్, 1860 నాటికి సుమారు 1,600 ఓడలను పట్టుకుని, దాదాపు 1,50,000 మందిని విడిపించింది. ఆ అంకెలు సరైనవే. కానీ వాళ్లలో చాలామందిని దింపింది సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో. అక్కడ రిజిస్టర్‌లో ఒక్కొక్కరి పేరు, వయసు, ఎత్తు, చివరికి ఒంటి మీది గాట్లు కూడా రాసుకునేవారు. తర్వాత కొందరిని అప్రెంటిస్‌ల పేరుతో ఏళ్ల తరబడి పనికి అప్పగించారు, కొందరిని సైన్యంలో చేర్చుకున్నారు. తిరిగి ఇల్లు చూసినవాళ్లు తక్కువే. ఆ రిజిస్టర్లను పరిశీలించిన చరిత్రకారులు చెబుతున్నది ఇదే.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.