ఒక శాస్త్రం కొలబద్దతో ఇంకో శాస్త్రాన్ని కొలవకండి

పెద్ద పోస్టే. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఓపిక చేసుకుని చదవండి.

చదువుల్లో ఎక్కడా రాసిపెట్టని ఒక వరస ఉంది. ముందు గణితం, భౌతికశాస్త్రం. తర్వాత జీవశాస్త్రం, వైద్యం. ఆ వెనక ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. చిట్టచివర చరిత్ర, భాషాశాస్త్రం, మానవశాస్త్రం. ముందు నిలబడ్డవాళ్ళు చెబితే అది నిరూపణ, చివరివాళ్ళు చెబితే "అది మీ అభిప్రాయం". అంకెలుంటే శాస్త్రం, లేకపోతే కబుర్లు. బయటివాళ్ళు అంటే సరే. పరిశోధన చేస్తున్నవాళ్ళే, గైడ్లే, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవాళ్ళే ఇలా మాట్లాడుతుంటే నాకు కోపం ఆగదు. అహంకారం సంగతి అటుంచండి, పరిశోధన ఎలా జరుగుతుందో తెలియనితనం అందులో కనబడుతుంది.

ఏ రంగం వాళ్ళనైనా నేను అడిగేది ఒకటే. మీరు చెప్పేది తప్పయితే, ఆ తప్పు బయటపడే దారి మీ పద్ధతిలో ఎక్కడుంది? ఆ దారి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అడిగే ప్రశ్నని బట్టి మారుతుంది. దాన్ని చూడకుండా "శాంపిల్ ఎంత?", "పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) ఎంత?" అని అందరినీ ఒకే ప్రశ్న అడగడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

రోనాల్డ్ ఫిషర్ పేరు గణాంకాలు చదివినవాళ్ళకి తెలియకుండా ఉండదు. ఏ మడిలో ఏ ఎరువు వేయాలో పరిశోధకుడి ఇష్టానికి వదలకుండా చీటీ తీసి నిర్ణయించాలి, అప్పుడే తేడా ఎరువు వల్ల వచ్చిందో నేల వల్ల వచ్చిందో తెలుస్తుంది అన్న ఆలోచనని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఆయన. అదే పద్ధతిని మనుషుల మీద మందుల పరీక్షకి తెచ్చిన మొదటివాళ్ళలో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒకడు. క్షయకి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అన్న ఆ పరీక్ష ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు. మంచం మీద విశ్రాంతి తప్ప వేరే చికిత్స లేని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఎవరికి మందు ఇవ్వాలో డాక్టర్లు ఎంచుకోలేదు కాబట్టి ఆ తేడాని కాదనడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాత అదే హిల్, రిచర్డ్ డాల్‌తో కలిసి సిగరెట్ల మీద పడ్డాడు. ఇక్కడ చీటీలు తీయడం కుదరదు. సగం మందిని ఇరవై ఏళ్ళు పొగ తాగమనీ, మిగతా సగాన్ని ముట్టుకోవద్దనీ ఎవరు శాసించగలరు? అందుకని ముందు ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్ని ఇతర రోగులతో పోల్చారు. 1951లో బ్రిటన్ డాక్టర్లకి ప్రశ్నపత్రాలు పంపి, జవాబిచ్చిన దాదాపు 40 వేల మందిని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. పొగ తాగేవాళ్ళలో ఈ క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

ఫిషర్ ఒప్పుకోలేదు. చీటీలు తీయలేదు కదా, మరి సిగరెట్ కారణమని ఎలా అంటారు? పొగ తాగే అలవాటుకీ, క్యాన్సర్‌కీ మూలంగా ఒకే జన్యువు ఉండొచ్చు కదా అన్నాడు. పొగాకు కంపెనీలకి ఆయన సలహాదారు కూడా, అది మరిచిపోకూడదు. కానీ వాదన మటుకు పైపైన చూస్తే గట్టిదే. దానికి సమాధానం 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, మరికొందరు ఇచ్చారు. పొగ తాగేవాళ్ళకి ముప్పు తొమ్మిది రెట్లు ఉందంటే, దాని వెనకున్నది ఇంకో కారణమేనంటే, ఆ కారణం కూడా తాగనివాళ్ళలో కంటే తాగేవాళ్ళలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. అలాంటి జన్యువు ఏదీ, చూపించండి అన్నారు. ప్రయోగం చేయలేని చోట కూడా ప్రత్యర్థి వాదనని గట్టిగా పరీక్షకి పెట్టవచ్చని చూపించిన సమాధానం అది. ఫిషర్ 1962లో కన్నుమూసేదాకా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు. ఒక పద్ధతిని ప్రపంచానికి నేర్పిన మేధావే, ఆ పద్ధతి ఒక్కటే సత్యమనుకుని కళ్ళెదుట ఉన్న సాక్ష్యాన్ని చూడలేకపోయాడు. మనబోటివాళ్ళం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

అలాగని పరిశీలన చాలు, ప్రయోగం అక్కర్లేదని కాదు. గుండెపోటు వచ్చినవాళ్ళలో గుండె అప్పుడప్పుడూ లయ తప్పి కొట్టుకుంటుంటే హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. ఆ లయ తప్పిన కొట్టుకోవడాన్ని ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు తగ్గిస్తాయనీ తెలుసు. ఇక ఈ మందులు ప్రాణం కాపాడతాయనుకోవడం సహజం. డాక్టర్లు రాసేశారు కూడా. తీరా చీటీ తీసి పరీక్షిస్తే, 1989కల్లా తెలిసింది ఏమిటంటే మందు వేసుకున్నవాళ్ళలో చావులు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే రెండింతలకి పైగా ఉన్నాయి. ఈసీజీలో గీత చక్కబడింది, మనిషి పోయాడు. ప్రయోగం చేయడానికి వీలున్న చోట "లాజిక్ సరిపోయింది కదా" అని ఊరుకోవడం నేరమే అంటాను.

ఇప్పుడు ఆ వరసలో చివర నిలబెట్టినవాళ్ళ దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిశోధన కథ ప్రయోగశాలలో జరిగింది కాదు, మట్టి పలకల మీద జరిగింది.

క్రీట్ ద్వీపంలో క్నాసోస్ దగ్గర 1900లో ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాల్లో ఒక లిపి బయటపడింది. లీనియర్ బి అంటారు. ఏ భాషో తెలియదు, ఏ గుర్తుకి ఏ శబ్దమో తెలియదు, రెండు భాషల్లో రాసిన శాసనం ఒక్కటీ దొరకలేదు. గ్రీకు మాత్రం కాదని ఎవాన్స్ గట్టిగా నమ్మాడు, ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. అమెరికాలో ఆలిస్ కోబర్ అనే అధ్యాపకురాలు మాత్రం ఏ భాషో ఊహించడానికే ఒప్పుకోలేదు. ముందు గుర్తుల మధ్య సంబంధాలు తేలాలి, శబ్దాల మాట తర్వాత అంది. కాగితాలు దొరకని రోజుల్లో గ్రీటింగ్ కార్డులూ, వాడేసిన కాగితాలూ కత్తిరించి లక్షకి పైగా చీటీలు రాసుకుని, సిగరెట్ డబ్బాల్లో సర్దుకుని, ఏ గుర్తు ఏ గుర్తు పక్కన ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టింది. కొన్ని మాటలకి మొదలు ఒకటే ఉండి చివర్లు మారుతున్నాయని చూపించింది. అంటే ఈ భాషలో విభక్తుల్లాంటివి ఉన్నాయన్నమాట. ఫలితం చూడకుండానే 1950లో చనిపోయింది. ఆమె పేరు ఇంకా ఎక్కువమందికి తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

ఆ దారిలోనే ముందుకెళ్ళిన మైకేల్ వెంట్రిస్ వృత్తి రీత్యా ఆర్కిటెక్ట్. అది ఎట్రుస్కన్‌కి, అంటే ప్రాచీన ఇటలీలోని ఒక భాషకి, దగ్గర భాష అని ఆయన నమ్మకం, ఏళ్ళ తరబడి నమ్మకం. కానీ గుర్తుల పట్టిక నిండుతున్నకొద్దీ మాటలు గ్రీకులా పలకసాగాయి. 1952లో తన నమ్మకానికి విరుద్ధంగా అది గ్రీకే అని ప్రకటించాడు. చాలామంది పండితులు నమ్మలేదు. ఇన్ని గుర్తులకి ఇష్టమొచ్చిన శబ్దాలు పెట్టుకుంటే ఏ భాషైనా వస్తుందన్నారు. న్యాయమైన అనుమానమే. దాన్ని తీర్చింది ఒక పలక. గ్రీసులోని పైలోస్‌లో కార్ల్ బ్లెగెన్ తవ్విన పలకని శుభ్రం చేసి, వెంట్రిస్ ఇచ్చిన శబ్దాలతో చదివితే "తి-రి-పొ-దె" అని వచ్చింది, గ్రీకులో మూడు కాళ్ళ పాత్రలనే మాట, పక్కన మూడు కాళ్ళ పాత్ర బొమ్మ ఉంది. నాలుగు పిడులని చదివిన చోట నాలుగు పిడుల కుండ, మూడు పిడులన్న చోట మూడు పిడులది, పిడి లేదన్న చోట పిడి లేనిది. శబ్దాలు నిర్ణయించేనాటికి వెంట్రిస్ ఆ పలకని చూడలేదు. ఇంతకంటే కఠినమైన పరీక్ష భౌతికశాస్త్రంలో మాత్రం ఏముంటుంది?

భాషాశాస్త్రంలో ఇలాంటిదే మరొకటి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ లాంటివాటికి తల్లి అనుకునే ఇండో యూరోపియన్ మూలభాషలో, ఇప్పటి భాషల్లో కనబడకుండా పోయిన కొన్ని ధ్వనులు ఉండి తీరాలని 1879లో సొస్యూర్ అనే కుర్రాడు కేవలం అచ్చుల లెక్కల నుంచి వాదించాడు. తర్వాత ఇప్పటి టర్కీ ప్రాంతంలో దొరికిన, అదే కుటుంబానికి చెందిన ప్రాచీన హిట్టైట్ భాష పలకలు చదవడం మొదలయ్యాక, 1927లో కురిలోవిచ్ ఆ ధ్వనుల ఆనవాళ్ళు అక్కడ ఉన్నాయని చూపించాడు. ముందే చెప్పడం, తర్వాత దొరకడం. దీన్ని శాస్త్రం కాదనేవాళ్ళు ఏ కొలతతో అంటున్నారో నాకు చెప్పాలి.

"ఒక్క ఘటన మీద పరిశోధనా? ఎన్ ఈక్వల్స్ వన్?" అని నవ్వేవాళ్ళూ ఉంటారు. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక చాలెంజర్ గాల్లోకి లేచిన 73 సెకన్లకి ముక్కలై ఏడుగురు చనిపోయారు. చలికి ఓ-రింగ్ (రాకెట్ అతుకుల్ని మూసే రబ్బరు వలయం) బిగుసుకుపోవడం సాంకేతిక కారణం. అయితే హెచ్చరికలుండగా ఎందుకు ఎగరేశారు? డయాన్ వాన్ అనే సమాజశాస్త్రవేత్త ఆ ఒక్క నిర్ణయం మీద కాగితాలు తిరగేస్తూ, మనుషులతో మాట్లాడుతూ ఏళ్ళు గడిపింది. ఎవరో రూల్స్ తప్పి మోసం చేశారన్నది కాదు ఆమెకి తేలింది. ప్రతిసారీ చిన్న లోపం కనబడటం, ఏమీ కాకపోవడం, దాంతో ఆ లోపమే మామూలు సంగతైపోవడం. ఇది 1996లో వచ్చింది. 2003లో ఇంకో వ్యోమనౌక కొలంబియా కూలినప్పుడు, ఇంధన ట్యాంకు మీది నురగ ముక్కలు ఊడిపడటం కూడా అలాగే మామూలైపోయిందని దర్యాప్తు సంఘమే రాసింది, ఆమె పనిని ఆధారం చేసుకుంది. వెయ్యి మందికి ప్రశ్నపత్రం పంచితే ఇది తెలిసేదా? ఎంతమంది అన్న ప్రశ్నకి లెక్క కావాలి. ఎలా జరిగింది అన్న ప్రశ్నకి లోతు కావాలి.

అంకెల శాస్త్రాల్లో అంకెలే అన్నీ తేల్చేస్తాయన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. 2011లో ఒపేరా అనే భౌతికశాస్త్ర ప్రయోగ బృందం న్యూట్రినోలు (అతి సూక్ష్మ కణాలు) కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొచ్చాయని చెప్పింది. భౌతికశాస్త్రం కోరే ఐదు సిగ్మాలు, అంటే కాకతాళీయంగా వచ్చే అవకాశం దాదాపు లేదనే హద్దు, దాటిన ఫలితం. చివరికి చూస్తే ముఖ్యకారణం సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్. సిగ్మాలు యాదృచ్ఛికతని మాత్రమే లెక్కిస్తాయి, కేబుల్ సంగతి వాటికి తెలియదు. ఆ బృందం అంకెలన్నీ బయటపెట్టి "మాకు తప్పు దొరకలేదు, మీరు చూడండి" అనడం నాకు మాత్రం గౌరవంగానే అనిపిస్తుంది. గణితం గురించి ఒక్క ముక్క: ఏ సంఖ్య దాకా లెక్కించినా, ప్రధాన కారకాల లెక్క బేసి అయ్యే సంఖ్యలే సగమో అంతకంటే ఎక్కువో ఉంటాయన్న పోయా ఊహకి మొదటి విరుద్ధ ఉదాహరణ 90,61,50,257 దగ్గర వస్తుంది. అంతకు ముందు 90 కోట్లకు పైగా సంఖ్యల్లో అది సరిగ్గానే పనిచేస్తుంది. అందుకే అక్కడ ఎన్ని ఉదాహరణలైనా రుజువు కావు.

ఇంకో సంగతి ప్రతి గైడూ తెలుసుకోవాలి. ఫుట్‌బాల్ రిఫరీలు నల్లరంగు ఆటగాళ్ళకి ఎక్కువ రెడ్ కార్డులు ఇస్తున్నారా అన్న ఒకే ప్రశ్న, ఒకే డేటా 29 పరిశోధక బృందాలకి ఇచ్చారు. 2018లో ప్రచురించారు. 20 బృందాలు అవునన్నాయి, 9 బృందాలకి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎవరూ మోసం చేయలేదు. ఏ అంశాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఏ మోడల్ వాడాలి అన్న చిన్న చిన్న నిర్ణయాలు, అన్నీ సమర్థించుకోదగ్గవే. అంటే అంకెల వెనక కూడా మనిషి తీర్పు ఉంది. చరిత్రకారుడు తన తీర్పుని పేజీలో కనబడేలా రాస్తాడు. అంకెలవాడు దాన్ని కోడ్‌లో వదిలేస్తాడు. కోడ్ బయటపెట్టమని అడగడం అవమానమేమీ కాదు.

2015లో మనస్తత్వశాస్త్రంలో వంద అధ్యయనాల్ని మళ్ళీ చేసి చూశారు. మొదట 97 శాతం విజయవంతమని చెప్పుకున్నవి, రెండోసారి 36 శాతమే నిలబడ్డాయి. దాన్ని పట్టుకుని "సైకాలజీ అంతా బూటకం" అనేవాళ్ళని చూస్తే నాకు మండిపోతుంది. తన ఇల్లు తానే సోదా చేసుకున్న రంగం అది. క్యాన్సర్ జీవశాస్త్రంలో 53 పేపర్లలోని 193 ప్రయోగాల్ని మళ్ళీ చేద్దామని మొదలుపెడితే, 2021కి 23 పేపర్లలోని 50 మాత్రమే పూర్తిచేయగలిగారు. మిగతావాటికి వివరాలో, పదార్థాలో, అసలు రచయితల సహకారమో అందలేదు. ఎలా చేశారో రాయని పేపర్‌ని మళ్ళీ చేసేదెలా?

వైద్యంలో దీనికి ఒక మందు దొరికింది. అమెరికాలో గుండె, ఊపిరితిత్తులు, రక్తం మీద పనిచేసే జాతీయ సంస్థ నిధులిచ్చిన పెద్ద పరీక్షల్ని కప్లాన్, ఇర్విన్ అనేవాళ్ళు లెక్కేశారు. 2000కి ముందు 30 పరీక్షల్లో 17 మేలు చూపించాయి. ఏం కొలుస్తామో ముందే నమోదు చేయాలన్న పద్ధతి వచ్చాక 25లో రెండే. మందులు ఒక్కసారిగా చెడిపోయాయని నేననుకోను. బాణం వేసి దాని చుట్టూ గురి గీసుకునే అవకాశం పోయింది. మనస్తత్వశాస్త్రంలో ఇంకో అడుగు వేసి, ఫలితం రాకముందే ప్రశ్ననీ పద్ధతినీ చూసి పేపర్‌ని అంగీకరించే పద్ధతి తెచ్చారు. మామూలు పేపర్లలో 96 శాతం మొదటి ఊహ నిజమైందని చెబితే, ఇలా అంగీకరించినవాటిలో 44 శాతమే అలా చెప్పాయని 2021లో తేలింది.

ఇది చూశాక కూడా పీహెచ్‌డీ విద్యార్థి చేత పద్ధతి అధ్యాయాన్ని ఆఖర్న, పాత థీసిస్‌లోంచి చూసి రాయించే గైడ్లు ఉన్నారు. ఊహ తప్పని తేలితే "ఫలితం రాలేదు, టాపిక్ మార్చు" అనేవాళ్ళున్నారు. ఇంటర్వ్యూలు చేసి వచ్చిన పిల్లని శాంపిల్ సైజు అడిగి ఏడిపించేవాళ్ళున్నారు. వైవాలో ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళందరికీ నా విన్నపం ఇది: నీ ఫలితం ఏమిటి అని అడిగే ముందు, ఏం కనబడి ఉంటే నీ అభిప్రాయం మార్చుకునేదానివి అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే, అది వంద పేజీల పట్టికలైనా, పన్నెండు మందితో మాట్లాడిన మాటలైనా, ఆ థీసిస్‌ని ఒకే గౌరవంతో చదవండి.