గెల్మిష్ అంటే "వచ్చాడట" అని రాయకూడదట!

ఇప్పుడే ఆన్‌లైన్ టర్కిష్ క్లాసు అయింది. ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడ కక్కేయకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

సారు ఒక పట్టిక చూపించారు. అడ్డంగా టర్కిష్, దాని చుట్టాలైన అజర్‌బైజానీ, ఉజ్బెక్, కజఖ్. నిలువుగా ఇంగ్లిష్ టెన్సులు. "గెల్ది" సింపుల్ పాస్ట్ గడిలో, "గెల్మిష్" ప్రెజెంట్ పర్ఫెక్ట్ గడిలో. గెల్మిష్‌కి నేను "వచ్చాడట" అని రాస్తే తప్పు కొట్టేశారు. "తెలుగులో ఆలోచిస్తే ఏ భాషా రాదు, ఇంగ్లిష్‌లో ఆలోచించండి" అన్నారు. అదీ అందరి ముందూ!

ఏం తప్పండీ అందులో? గెల్ది అంటే వచ్చాడు, ఆ మాటకి నాదీ పూచీ. గెల్మిష్ అంటే ఎవరో చెప్పారు, లేదా గుమ్మం దగ్గర చెప్పులు చూసి వచ్చాడనుకున్నాను. ఈ తేడాని 11వ శతాబ్దంలోనే, ఈ తుర్కీ భాషలకి నిఘంటువు రాసిన మహ్మూద్ కాష్గరీ అరబ్బీ చదివేవాళ్ళకి విప్పి చెప్పాడు. బర్ది అంటే కళ్ళముందే వెళ్ళాడు, బర్మిష్ అంటే మనం చూడనప్పుడు వెళ్ళాడు అని. మన "ట" దానికి పూర్తిగా సరిపోదు, ఒప్పుకుంటాను. పొద్దున్నే కిటికీ తీస్తే నేలంతా తెల్లగా ఉంటే టర్కులు "కార్ యామిష్" అంటారు. ఎవరూ చెప్పలేదు కాబట్టి అక్కడ మనకి "మంచు పడ్డట్టుంది" కావాలి. సోఫాలో కునుకు పట్టి లేచినవాడు "ఉయుముషుమ్" అంటాడు, ఎప్పుడు నిద్ర పట్టేసిందో తెలియలేదని. ఇదంతా "హాజ్ కమ్"లో ఎక్కడుంది?

పైగా నాలుగు భాషలకీ అవే గడులు! అజర్‌బైజానీలో "గ్యాల్మిషమ్" అంటే మామూలుగా వచ్చాను, అంతే. అదే మాట ఇస్తాంబుల్ చెవికి "నేను వచ్చానట" అన్నట్టు వినిపిస్తుంది. టర్కిష్ "గెలిర్" అంటే వస్తుంటాడు. అజర్‌బైజానీ "గ్యాలిర్" అంటే ఇదిగో, వస్తున్నాడు. ఇంత దగ్గరి భాషల మధ్యే ఇంత తేడా ఉంటే ఒక్క గడిలో ఎలా కుక్కుతారు?

ఇక కజఖ్‌లో "చేస్తున్నాడు" అనడానికి పడుకో, కూర్చో, నిలబడు, తిరుగు అనే నాలుగు క్రియలు సాయానికొస్తాయి. వాన కురుస్తుంటే "కురిసి నిలబడింది" అన్నట్టుంటుంది. ఈమధ్య ఎక్కడో ఉద్యోగం చేస్తున్నాడంటే "పనిచేసి తిరుగుతున్నాడు" అన్నట్టు. పట్టికలో ఈ నాలుగూ కలిపి కంటిన్యుయస్ అని ఒక్క ముక్క!

నాకు అన్నిటికంటే కడుపు మండింది ఉజ్బెక్ దగ్గర. "యొజిబ్ బెర్ది" అంటే రాసిచ్చాడు. "ఓకిబ్ కోర్ది" అంటే చదివి చూశాడు. "యొజిబ్ ఓల్ది"కి మాటకి మాట పెడితే రాసి తీసుకున్నాడు, అంటే అచ్చంగా మన "రాసుకున్నాడు". మన "కొను" కూడా తీసుకోవడమేగా! ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఇంత దగ్గరగా నడుస్తుంటే, ఆ దారి మూసేసి ఇంగ్లిష్ సందులోంచి రమ్మంటారేంటి?

అసలు ఇది ఈ సారుతో మొదలైంది కాదు. ఏడో తరగతిలో "ఐ హావ్ కమ్" అంటే "నేను వచ్చియున్నాను" అని బట్టీ పట్టించారు. మా ఇంట్లో ఎవరూ జన్మలో అనని మాట అది. అన్నం తిన్నావా అంటే "తినేశా" అంటాం. తిన్నా వేరు, తినేశా వేరు. మా అమ్మమ్మ "పెళ్ళి కుదిరిందట" అంటే ఆ కబురుకి తను పూచీ పడట్లేదని ఇంట్లో పిల్లలకి కూడా అర్థమయ్యేది. పదేళ్ళ బడిలో ఆ "ఏశా" గురించి, ఆ "ట" గురించి నాకు ఒక్క పాఠం చెప్పినవాళ్ళు లేరు. వచ్చియున్నాను రాయనందుకు మాత్రం మార్కులు కోశారు.

వచ్చే వారం పరీక్షలో "యొజిబ్ ఓల్ది" వస్తే "రాసుకున్నాడు" అనే రాస్తాను. మళ్ళీ తప్పు కొడితే కొట్టుకోమనండి.