శ్లోకం ఎప్పుడు గుర్తొస్తుంది?

మన పత్రిక శుభాకాంక్షల పేజీకి ఇద్దరబ్బాయిల పెళ్ళి ఫోటో ఒకటి వచ్చింది. వేయాలా వద్దా అని కమిటీలో ఓటింగ్ అంటున్నారు. ఇద్దరు అబ్బాయిలో, ఇద్దరు అమ్మాయిలో పెళ్ళి చేసుకున్నారని తెలియగానే మనవాళ్ళకు ఉన్నట్టుండి శాస్త్రం గుర్తొస్తుంది. ఏ శాస్త్రం, ఎక్కడుంది అంటే మాత్రం మాట దాటేస్తారు. సరే, తెరిచే చూద్దాం.

మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రకారం మగవాడితో కలిసిన ద్విజుడు కట్టుబట్టలతో స్నానం చేయాలి. ఎడ్లబండిలోనో, నీళ్ళలోనో, పట్టపగలో ఆడమనిషితో కలిసినవాడికీ అదే శ్లోకంలో అదే స్నానం. (పట్టపగలు సంగతి గట్టిగా అమలు చేస్తే గోదావరి కాలవలు చాలవు.) అదే అధ్యాయంలో ఇంకోచోట దీన్ని జాతిభ్రష్టుణ్ణి చేసే పాపాల్లో వేశారు. ఒకచోట స్నానంతో పోయేది, ఇంకోచోట జాతినే పోగొట్టేది.

అటు సమర్థించేవాళ్ళూ తక్కువ తినలేదు. ర్యాలి గుళ్ళో ఉన్న జగన్మోహినీ కేశవస్వామిని చూపించి, మన సంప్రదాయం ఎప్పుడో ఒప్పుకుందంటారు. ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక్కి వెళితే కొప్పుతో మోహిని. ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ ఆ విగ్రహాన్ని పెళ్ళికి సాక్ష్యంగా పిలవడం అతికినట్టుండదు.

బైబిల్ చదివేవాళ్ళదీ ఇదే గొడవ. మగవాడు మగవాడితో కలవడం హేయమనే లేవీయకాండం 18:22 అందరికీ కంఠతా వచ్చు. దేవుడి ఆగ్రహానికి నాశనమైన సొదొమ పట్టణం దోషం గర్వమూ, తిండి సమృద్ధీ, దీనుల్ని ఆదుకోకపోవడమూ అని చెప్పే యెహెజ్కేలు 16:49 ఎంతమందికి వచ్చు? ఆ తర్వాతి వచనంలో హేయక్రియల మాట ఉన్నదీ నిజమే. రాజమండ్రికి మిషనరీలను పంపిన అమెరికా లూథరన్ క్రైస్తవుల వారసత్వ సంఘం 2009లో స్వలింగ జంటగా బతికే పాస్టర్లకు అనుమతి ఇచ్చింది. పుస్తకం మారలేదు.

ఈ తగువు మన రాజమండ్రికి కొత్తదేం కాదు. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం పంతులుగారు అక్కడ మొదటి పెళ్ళి చేయించింది 1881 డిసెంబరు 11న. చట్టం ఉండి కూడా పాతికేళ్ళు! కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చారు. ఊరు వెలివేసింది. పండితులు శాస్త్రం చూపించి వద్దన్నారు, సంస్కర్తలూ శాస్త్రమే చూపించారు. భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా ఆడది మళ్ళీ పెళ్ళాడొచ్చనే "నష్టే మృతే" అన్న పరాశరస్మృతి శ్లోకం అప్పటికప్పుడు పుట్టింది కాదు, వందల ఏళ్ళుగా అక్కడే ఉంది. బాలవితంతువు గోడు పట్టినవాళ్ళకే అది కంటపడింది.

ఇప్పుడు ఇండియాలో వరస తిరగబడింది, పెళ్ళి ముందు, చట్టం వెనక. అమెరికాలో 2015 నుంచి ఈ పెళ్ళి దేశమంతటా చెల్లుతుంది. ఇండియాలో స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో అన్న సుప్రీంకోర్టే, పెళ్ళి సంగతి పార్లమెంటు చూసుకోవాలని 2023 అక్టోబరు 17న చెప్పింది.

ఇక మన పేజీకి వచ్చిన ఆ పెళ్ళి ఫోటో సంగతి. పంపింది తల్లి. తండ్రిది అమలాపురం పక్క ఊరు. ఆయన శాస్త్రం ఊసే ఎత్తలేదు. "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ, ఊళ్ళో తెలిస్తే ఎలాగా?" అన్నారు. అసలు టెన్షన్ అదీ. శ్లోకాలు, వచనాలు దానిమీద కప్పిన దుప్పటి.

ఇష్టంలేని పురోహితుణ్ణో, పాస్టర్‌నో పెళ్ళి చేయమని బలవంతపెట్టక్కర్లేదు. కానీ పత్రిక గుడీ కాదు, చర్చీ కాదు. ఆ ఇంట్లోవాళ్ళు సరేనంటే ఫోటో పడాల్సిందే. వద్దంటే ఆపొచ్చు, అంతేగానీ కమిటీలో ఓటింగేమిటి?